ఎక్సెల్ నుంచి ట్యాలీలోకి బల్క్ ఎంట్రీలు: బ్యాచ్ పోస్టింగ్ ఎర్రర్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

నెల మొదటి పది రోజుల్లో మా ఆఫీసుకు వచ్చే ఫోన్లలో సగం ఒకే మాటతో మొదలవుతాయి: "సార్, ఎక్సెల్ నుంచి ట్యాలీలోకి ఎక్కించాను, కొన్ని రాలేదు." 11వ తేదీకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్న్) వేయాలి, ఆ టెన్షన్‌లో ఇంపోర్ట్ బటన్ మళ్లీ మళ్లీ నొక్కుతారు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. విజయవాడలో ఒక ట్యాక్స్ ఆఫీసులో చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. జూనియర్లు, షాపు గుమస్తాలు పదే పదే అడిగే ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే ఇక్కడ రాసి పెట్టాను. మన దగ్గర ఎక్కువ ఆఫీసుల్లో అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌గా ట్యాలీయే ఉంటుంది కాబట్టి ఉదాహరణలు దానివే. బిజీ, మార్గ్, జోహో బుక్స్ వాడేవాళ్లకు మెనూలు వేరు, కారణాలు మాత్రం చాలావరకు ఇవే. ఏ ప్రశ్న కావాలంటే అక్కడి నుంచే చదువుకోవచ్చు.

## ఎక్కించే ముందు

ఒక్కో వోచర్ (ఒక లావాదేవీ ఎంట్రీ) చేత్తో కొట్టడానికీ, బ్యాచ్‌గా (అన్నీ ఒకేసారి) ఎక్కించడానికీ తేడా ఏంటి?

చేత్తో కొట్టేటప్పుడు మీరు ప్రతి ఎంట్రీని చూస్తారు. పార్టీ పేరు చూస్తారు, మొత్తం చూస్తారు, అనుమానం వస్తే ఆగుతారు. బ్యాచ్‌లో ఆ చూపు ఉండదు. సాఫ్ట్‌వేర్ ముఖ్యంగా చూసేవి మూడే: తేదీ పుస్తకాల పరిధిలో ఉందా, ఆ పేరుతో లెడ్జర్ (ఖాతా) ఉందా, డెబిట్ క్రెడిట్ సమానమా. ఈ మూడూ సరిపోతే వోచర్ లోపలికి వెళ్లిపోతుంది. కరెంటు బిల్లును అద్దె లెడ్జర్‌లో వేసినా అది నోరు మెదపదు. అందుకే బ్యాచ్‌లో పని అంతా ఎక్కించే ముందు షీట్ మీదే జరగాలి.

ప్రతిసారీ బ్యాకప్ తీయాలా? టైమ్ ఉండదు కదా సార్.

తీయాలి. ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్+వై నొక్కితే బ్యాకప్ కనిపిస్తుంది, రెండు మూడు నిమిషాల పని. ఫోల్డర్‌కు తేదీ, ఏ బ్యాచ్‌కు ముందు తీశారో పేరు పెట్టండి. "కొత్త ఫోల్డర్ 3" అని పెడితే అవసరమైన రోజున అది దొరకదు. నేను ఇంకో పని కూడా చేయిస్తాను. ఆ బ్యాకప్‌ను వేరే ఫోల్డర్‌లో రీస్టోర్ చేసి, ఆ కాపీ కంపెనీలో ముందు ఐదు వరుసలు మాత్రమే ఎక్కించి చూడమంటాను. ఐదు సరిగ్గా వస్తే ఐదొందలు వస్తాయన్న హామీ లేదు. ఐదే రాకపోతే మాత్రం ఐదొందలు పాడవకముందే తెలిసిపోతుంది.

బ్యాంక్ స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌ను ఎక్సెల్‌లోకి మార్చాను. నేరుగా ఎక్కించేయొచ్చా?

వద్దు. పీడీఎఫ్ మార్చినప్పుడు రెండు తప్పులు దాదాపు ప్రతిసారీ వస్తాయి. ఒకటి, పేజీ మారే చోట ఒక వరుస మాయమవుతుంది. రెండు, నేరేషన్ (ఎంట్రీ వివరం) పొడుగ్గా ఉంటే కింది వరుసలోకి జారుతుంది, ఆ వరుసలో తేదీ ఉండదు, మొత్తం ఉండదు. దాన్నే ట్యాలీ 'వోచర్ డేట్ ఈజ్ మిస్సింగ్' అంటుంది.

దీనికి నాకు తెలిసిన మంచి పరీక్ష ఒకటుంది. బ్యాలెన్స్ కాలమ్ పక్కన ఖాళీ కాలమ్‌లో చిన్న ఫార్ములా వేయండి: పై వరుస బ్యాలెన్స్, దానికి ఈ వరుస జమ కలిపి, ఈ వరుస విత్‌డ్రాయల్ తీసేసి, వచ్చిన దాంట్లోంచి ఈ వరుస బ్యాలెన్స్ తీసేయండి. కింది దాకా లాగితే ప్రతి వరుసలో సున్నా రావాలి. ఎక్కడ సున్నా రాలేదో అక్కడే వరుస పోయింది, లేదా అంకె మారింది. ఒకసారి 38 పేజీల స్టేట్‌మెంట్‌లో 11వ పేజీ చివర ఇలాగే 42,500 తేలింది. పీడీఎఫ్ తెరిచి చూస్తే అది పేజీలో ఆఖరి వరుస, కన్వర్టర్ దాన్ని ఫుటర్ అనుకుని వదిలేసింది. కొన్ని బ్యాంకులు కొత్త తేదీ పైన, పాత తేదీ కింద ఇస్తాయి. అలాంటప్పుడు ముందు వరుసల క్రమం తిరగేసి, తర్వాత ఫార్ములా వేయండి.

ఎక్సెల్‌లో తేదీలు కరెక్ట్‌గానే కనిపిస్తున్నాయి, ట్యాలీ మాత్రం ఒప్పుకోవడం లేదు. ఎందుకు?

కంటికి తేదీలా కనిపించేదంతా ఎక్సెల్‌కు తేదీ కాదు. మీ కంప్యూటర్ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో, అంటే ముందు నెల తర్వాత రోజు అని ఉంటే, మన 05/04/2025 దానికి మే 4 అవుతుంది. 13/04/2025 దగ్గరికి వచ్చేసరికి 13వ నెల లేదు కాబట్టి దాన్ని మామూలు అక్షరాలుగా వదిలేస్తుంది. గుర్తుపట్టడం తేలిక: కాలమ్ వెడల్పు చేసి చూడండి, నిజమైన తేదీలు కుడివైపు, అక్షరాలుగా మిగిలినవి ఎడమవైపు అంటుకుని ఉంటాయి. ఎడమవైపు ఉన్నవాటికి ఎర్రర్ వస్తుంది, అది మంచిదే. కుడివైపు ఉండి నెల తారుమారైనవే ప్రమాదం, అవి చడీచప్పుడు లేకుండా మే నెలలోకి వెళ్లిపోతాయి.

స్టేట్‌మెంట్ తెరిచే ముందే విండోస్ రీజియన్‌ను ఇండియాకు మార్చండి. ఇప్పటికే తెరిచి సేవ్ చేసి ఉంటే దాన్ని బాగుచేసే ప్రయత్నం వద్దు, అసలు ఫైల్ మళ్లీ తెచ్చుకుని 'టెక్స్ట్ టు కాలమ్స్'లో రోజు-నెల-సంవత్సరం క్రమం ఎంచుకోండి. తేదీ బదులు 45748 లాంటి అంకె కనిపిస్తే కంగారు పడకండి, అది ఎక్సెల్ లోపలి లెక్కలో 2025 ఏప్రిల్ 1. సెల్ ఫార్మాట్ మారిస్తే సరిపోతుంది. ఎక్స్ఎంఎల్ అనే ఫైల్ రూపంలో పంపేవాళ్లు మాత్రం తేదీని 20250401 రూపంలో, మధ్యలో గీతలు లేకుండా రాయాలి.

బిల్లు నంబర్ 12/4 అని కొడితే 12-ఏప్రిల్ అయిపోతోంది. యూపీఐ నంబరేమో 4.25ఈ+11 అంటోంది!

రెండూ ఎక్సెల్ అతి తెలివి వల్లే. 12/4 దానికి తేదీలా కనిపిస్తుంది. యూపీఐ రిఫరెన్స్ 12 అంకెలు ఉంటుంది, 11 అంకెలు దాటిన సంఖ్యను ఎక్సెల్ కుదించి చూపిస్తుంది. అలా కనిపిస్తుండగా సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్) సేవ్ చేస్తే ఫైల్‌లోకి ఆ కుదించిన రూపమే వెళ్తుంది, అసలు నంబర్ పోతుంది. 15 అంకెలు దాటిన అకౌంట్ నంబర్లయితే మరీ ఘోరం, 16వ అంకె నుంచి సున్నాలు పెట్టేస్తుంది. 000123 అనే చెక్కు నంబర్ 123గా మిగులుతుంది. డేటా అతికించకముందే ఆ కాలమ్‌లను టెక్స్ట్ ఫార్మాట్‌కు మార్చండి. అతికించాక మారిస్తే ప్రయోజనం లేదు.

## ఇంపోర్ట్ కొట్టగానే వచ్చే ఎర్రర్లు

'లెడ్జర్ డజ్ నాట్ ఎగ్జిస్ట్' అంటోంది. లెడ్జర్ ఉంది సార్, నా కళ్ల ముందే ఉంది!

మీ కళ్లకు కనిపించే పేరు, ఫైల్‌లో ఉన్న పేరు ఒకటి కావు. లక్ష్మి, వెంకటేశ్వర, దుర్గ లాంటి పేర్లను ఇంగ్లిష్‌లో నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. ఒకచోట ట్రేడర్స్, ఇంకోచోట ట్రేడింగ్ కంపెనీ. ఇవి వెతికితే దొరుకుతాయి. దొరకనిది ఒకటుంది: వెబ్‌సైట్ నుంచో పీడీఎఫ్ నుంచో కాపీ చేసినప్పుడు పేరు చివర కంటికి కనిపించని ఖాళీ వస్తుంది. అది మామూలు స్పేస్ కాదు, దాని కోడ్ 160. ట్రిమ్ ఫార్ములా దాన్ని తీయలేదు. సబ్‌స్టిట్యూట్ ఫార్ములాతో 160వ అక్షరాన్ని మామూలు స్పేస్‌గా మార్చి, ఆ తర్వాత ట్రిమ్ వేయండి.

అన్నిటికన్నా నమ్మకమైన దారి ఇది: ట్యాలీ నుంచి లెడ్జర్ల జాబితా ఎక్సెల్‌లోకి తీసుకోండి, మీ షీట్‌లోని ప్రతి పేరు ఆ జాబితాలో ఉందో లేదో కౌంట్‌ఇఫ్‌తో చూడండి. సున్నా వచ్చిన పేర్లే మీరు సరిచేయాల్సినవి. ఒక్క మాట బతిమాలి చెప్తున్నాను: ఎర్రర్ పోవాలని తొందరపడి అదే పేరుతో కొత్త లెడ్జర్ తెరవకండి. అప్పుడు ఒకే పార్టీకి రెండు ఖాతాలవుతాయి, ఒకదాంట్లో బిల్లు, ఇంకోదాంట్లో వసూలు పడతాయి. ఆ పార్టీ మీకు డబ్బు కట్టినా బాకీ ఉన్నట్టే కనిపిస్తాడు.

'వోచర్ టోటల్స్ డు నాట్ మ్యాచ్' అని ఒక్క పైసా తేడా చూపిస్తోంది. షీట్‌లో మాత్రం సరిపోతోంది.

షీట్‌లో మీకు కనిపించేది రెండు దశాంశాలే, లోపల ఇంకా ఉన్నాయి. ఒక ఉదాహరణ చేసి చూడండి. సరుకు విలువ 100.05. దాని మీద 9 శాతం సీజీఎస్టీ (కేంద్రం వాటా పన్ను) 9.0045, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) కూడా 9.0045. ఎక్సెల్ ఈ మూడింటినీ కూడితే 118.059, రెండు దశాంశాలకు 118.06 చూపిస్తుంది. పన్నులను విడివిడిగా రెండు దశాంశాలకు కుదిస్తే 9.00, 9.00, అప్పుడు మొత్తం 118.05. పార్టీకి 118.06, కింద సరుకు, పన్నులు కలిపి 118.05. పైసా తేడా, వోచర్ ఆగింది.

ప్రతి పన్ను సెల్‌కు రౌండ్ ఫార్ములా వేసి రెండు దశాంశాలకు తెండి. బిల్లు మొత్తాన్ని శాతంతో మళ్లీ లెక్కించకుండా, రౌండ్ చేసిన సెల్స్‌నే కూడండి. బిల్లును రూపాయికి సర్దే అలవాటు ఉన్న షాపులైతే ఆ తేడాకు 'రౌండ్ ఆఫ్' లెడ్జర్‌ను ఒక కాలమ్‌గా పెట్టండి.

తేడా పైసల్లో కాదు, పెద్ద మొత్తంలో వస్తోంది. ఎక్కడని వెతకాలి?

తేడా అంకెనే కాసేపు చూడండి, అదే దారి చెప్తుంది. దాన్ని సగం చేయండి. ఆ సగం అంకె వోచర్‌లో ఎక్కడైనా ఉంటే, అది డెబిట్‌కు బదులు క్రెడిట్‌లోనో, క్రెడిట్‌కు బదులు డెబిట్‌లోనో పడింది. తేడా 9తో నిశ్శేషంగా భాగమైతే రెండు అంకెలు తారుమారై ఉండొచ్చు: 5,640 బదులు 5,460 కొడితే తేడా 180, తొమ్మిది ఇరవైలు. ఒక సున్నా ఎక్కువో తక్కువో పడినా తేడా 9తో భాగమవుతుంది. చేత్తో చిట్టా, ఆవర్జా రాసిన పెద్ద గుమస్తాలు మాకు నేర్పిన లెక్క ఇది, ఈ రోజుకీ అలాగే పనిచేస్తుంది.

'డేట్ అవుట్ ఆఫ్ రేంజ్' అంటే ఏంటి? తేదీ ఈ సంవత్సరానిదే.

కంపెనీ తెరిచినప్పుడు 'బుక్స్ బిగినింగ్ ఫ్రమ్' దగ్గర ఇచ్చిన తేదీ చూడండి. పుస్తకాలు జులై 1 నుంచి మొదలని ఇచ్చి ఏప్రిల్ ఎంట్రీలు ఎక్కిస్తే అవి లోపలికి వెళ్లవు. ఇంకో కారణం చాలామందికి తట్టదు: లైసెన్స్ పోయి లేదా నెట్‌వర్క్ తెగి ట్యాలీ ఎడ్యుకేషన్ మోడ్‌లో తెరుచుకోవడం. ఆ మోడ్‌లో నెలలో 1, 2, 31 తేదీలనే తీసుకుంటుంది. మీ బ్యాచ్‌లో ఆ తేదీల ఎంట్రీలే వెళ్లి మిగతావన్నీ ఆగాయంటే షీట్ వదిలేసి ముందు లైసెన్స్ చూడండి.

ఫైల్‌ని అసలు చదవడమే లేదు. ఒక్క వోచర్ కూడా వెళ్లలేదు.

ఎక్స్ఎంఎల్ ఫైల్ అయితే మొదట & గుర్తు కోసం వెతకండి. 'ఫలానా & సన్స్', 'ఫలానా & కో' అనే పార్టీ ఒక్కటి ఉన్నా చాలు, ఆ గుర్తు దగ్గర ఫైల్ విరిగిపోతుంది. ఎక్స్ఎంఎల్‌లో & ఒక్కటే రాయకూడదు, దాని వెంటనే ఏ, ఎం, పీ చిన్న అక్షరాలు, సెమీకోలన్ చేర్చాలి. < గుర్తుకూ ఇలాంటి రూపమే ఉంది. నేరేషన్‌లో తెలుగు రాసి, అది ట్యాలీలో ప్రశ్నార్థకాలుగా వస్తుంటే ఫైల్‌ను యూనికోడ్‌గా సేవ్ చేయలేదని అర్థం. ఎక్సెల్ ఫైల్ అయితే అది ఎక్సెల్‌లో తెరిచి ఉందేమో చూసి, మూసేసి ఇంపోర్ట్ చేయండి.

మ్యాక్రోతో (ఎక్సెల్‌లో రాసిన చిన్న ప్రోగ్రామ్) ఎక్స్ఎంఎల్ తయారుచేస్తున్నాం. డెబిట్లన్నీ క్రెడిట్లుగా వస్తున్నాయి.

ట్యాలీ ఎక్స్ఎంఎల్‌లో డెబిట్ మొత్తానికి ముందు మైనస్ ఉంటుంది, క్రెడిట్‌కు ఉండదు. మనకు వింతగా ఉంటుంది గానీ పద్ధతి అదే. అనుమానం తీరాలంటే ట్యాలీలో చేత్తో ఒక వోచర్ కొట్టి, దాన్ని ఎక్స్ఎంఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, మీ మ్యాక్రో రాసిన ఫైల్ పక్కన పెట్టి చూడండి. నాలుగు పుస్తకాలు చదివినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా పంపుతుంటే ట్యాలీ కనెక్ట్ కావడం లేదు.

ట్యాలీ తెరిచి ఉండాలి, సరైన కంపెనీ లోడ్ అయి ఉండాలి, కనెక్టివిటీ సెట్టింగ్‌లో సర్వర్‌గానో 'బోత్'గానో ఉండాలి. పోర్ట్ మామూలుగా 9000. ఒకే మెషీన్‌లో రెండు ట్యాలీలు తెరిచి ఉంటే ఎంట్రీలు మీరు అనుకోని దాంట్లోకి వెళ్లొచ్చు. పంపే ముందు ఒకటే తెరిచి, ఒకటే కంపెనీ లోడ్ చేసి ఉంచండి.

## కొన్ని ఎక్కి, కొన్ని ఆగినప్పుడు

412 వోచర్లు పంపితే 397 వచ్చాయి. మిగతా 15 ఎక్కడ?

ఇంపోర్ట్ అయ్యాక ట్యాలీ ఎన్ని చేరాయి, ఎన్ని మారాయి, ఎన్ని తప్పాయి అని లెక్క చూపిస్తుంది. దాన్ని చదవకుండా ఎస్కేప్ కొట్టేస్తాం. ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఆగినవాటి వివరాలు ట్యాలీ ఫోల్డర్‌లోని టాలీ.ఐఎంపీ అనే లాగ్ ఫైల్‌లో ఉంటాయి, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. కొత్త వెర్షన్లలో తెరమీదే ఎక్సెప్షన్స్ రిపోర్టు కూడా వస్తుంది.

లాగ్ అర్థం కాకపోతే డే బుక్‌ను (రోజువారీ వోచర్ల జాబితా) ఎక్సెల్‌లోకి తీసి, మీ షీట్‌తో బిల్లు నంబర్ లేదా యూపీఐ రిఫరెన్స్ ఆధారంగా పోల్చండి. మొత్తంతో పోల్చవద్దు, 500 రూపాయల ఎంట్రీలు ఒకే రోజు పది ఉంటాయి. దొరికిన 15 వరుసలను కొత్త షీట్‌లోకి కాపీ చేసి, సరిచేసి, ఆ షీట్ ఒక్కటే ఎక్కించండి. 412 ఉన్న పాత ఫైల్‌ను అప్పటికప్పుడు 'అయిపోయినవి' అనే ఫోల్డర్‌లోకి జరపండి, మళ్లీ చేతికి తగలకుండా.

ఎర్రర్ రాగానే తప్పు సరిచేసి మొత్తం ఫైల్ మళ్లీ కొట్టేశాను. డబుల్ అయ్యాయా?

చాలావరకు అయ్యే ఉంటాయి. ట్యాలీ నుంచే ఎక్స్‌పోర్ట్ చేసిన వోచర్లలో ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, వాటిని మళ్లీ ఇంపోర్ట్ చేస్తే పాతవాటినే మార్చగలదు. మనం ఎక్సెల్‌లో తయారుచేసినవాటికి అది ఉండదు, ప్రతిసారీ కొత్త వోచర్‌గానే తీసుకుంటుంది. ముందు డే బుక్‌లో వోచర్ల సంఖ్య చూడండి. తర్వాత డే బుక్‌ను ఎక్సెల్‌లోకి తీసి తేదీ, లెడ్జర్, మొత్తం, నేరేషన్ నాలుగూ కలిపి ఒక కాలమ్‌గా చేసి డూప్లికేట్లకు రంగు వేయండి. బ్యాంక్ నేరేషన్‌లో రిఫరెన్స్ నంబర్ ఉంటే పని సులువు. లేకపోతే ఒకే టీ కొట్టుకు ఒకే రోజు రెండుసార్లు 60 రూపాయలు నిజంగానే ఇచ్చి ఉండొచ్చు, అలాంటివి తొలగించేముందు స్టేట్‌మెంట్ చూడాలి.

మధ్యలో కరెంటు పోయింది. ఎక్కడిదాకా వెళ్లిందో తెలియదు.

ఆ కంపెనీలో ఇంకేమీ కొట్టకండి. బ్యాచ్‌కు ముందు తీసిన బ్యాకప్ రీస్టోర్ చేసి మొదటి నుంచి ఎక్కించడమే శుభ్రమైన దారి. బ్యాకప్ లేకపోతే డేటా రిపేర్ చేసి, ఆఖరుగా ఏ వరుస వెళ్లిందో డే బుక్‌లో చూసి, అక్కడి నుంచి మిగిలినవి పంపండి. ఆ ఆఖరు వోచర్‌ను తెరిచి పూర్తిగా ఉందో లేదో కూడా చూడండి.

## అన్నీ ఎక్కాయి, లెక్క కుదరడం లేదు

ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. అంటే అంతా సరిగ్గా ఉన్నట్టేనా?

కాదు. ఎర్రర్ వచ్చినవి మీకు తెలుస్తాయి, సరిచేస్తారు. తప్పు లెడ్జర్‌లోకి, తప్పు నెలలోకి వెళ్లినవి ఎవరికీ కనిపించకుండా ఆడిట్ దాకా ఉంటాయి. బ్యాచ్ అవగానే షీట్‌లో వరుసల సంఖ్య, డే బుక్‌లో వోచర్ల సంఖ్య ఒకటేనా చూడండి. షీట్ మొత్తం, లెడ్జర్‌లో ఆ కాలానికి కదిలిన మొత్తం ఒకటేనా చూడండి. బ్యాంక్ అయితే ముగింపు నిల్వ పైసాతో సహా స్టేట్‌మెంట్‌కు సరిపోవాలి. నెలవారీ సారాంశం కూడా ఒకసారి తెరవండి. ఏప్రిల్ బ్యాచ్ ఎక్కిస్తే డిసెంబర్‌లో నాలుగు ఎంట్రీలు కనిపించాయంటే తేదీలు తిరగబడ్డాయి. నా దృష్టిలో ఈ పది నిమిషాలు ఎక్కించిన గంట కన్నా విలువైనవి.

బ్యాంక్ లెడ్జర్ మొత్తం ఉల్టా వచ్చింది. డబ్బు వచ్చినవి పోయినట్టు, పోయినవి వచ్చినట్టు ఉన్నాయి.

స్టేట్‌మెంట్ బ్యాంకు పుస్తకం ప్రకారం రాసినది. బ్యాంకు 'డెబిట్' అన్నది మన ఖాతాలోంచి డబ్బు పోవడం, మన పుస్తకాల్లో అది బ్యాంకుకు క్రెడిట్. వాళ్ల 'క్రెడిట్' మనకు డెబిట్. కొత్తగా చేరినవాళ్లు స్టేట్‌మెంట్ కాలమ్ పేర్లనే టెంప్లేట్‌లోని అదే పేర్ల కాలమ్‌లలోకి అతికిస్తారు. అందుకే మా టెంప్లేట్లలో ఆ రెండు మాటలు తీసేసి 'డబ్బు వచ్చింది', 'డబ్బు పోయింది' అని పెట్టాం. అప్పటి నుంచి ఈ తప్పు రాలేదు.

రెండు బ్యాంకుల స్టేట్‌మెంట్లూ ఎక్కించాను. ఏ ఒక్క బ్యాలెన్సూ కలవడం లేదు.

తేడాలు రెండు బ్యాంకుల్లోనూ ఒకే మొత్తం, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువగా ఉన్నాయా? అయితే ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు మార్చిన డబ్బు రెండుసార్లు పడింది. గుంటూరులో ఒక మిర్చి కమీషన్ షాపు లెక్కల్లో మేమిలా రెండు రోజులు తంటాలు పడ్డాం. మొదటి బ్యాంకు నుంచి రెండో బ్యాంకుకు 3,00,000 పంపారు. మొదటి స్టేట్‌మెంట్ ఎక్కించినప్పుడు ఒక కాంట్రా (సొంత బ్యాంకు, నగదు ఖాతాల మధ్య బదిలీ ఎంట్రీ), రెండో స్టేట్‌మెంట్ ఎక్కించినప్పుడు అదే డబ్బుకు ఇంకో కాంట్రా. మొదటి బ్యాంకులో మూడు లక్షలు తక్కువ, రెండో దాంట్లో మూడు లక్షలు ఎక్కువ.

రెండో స్టేట్‌మెంట్ ఎక్కించే ముందు అందులోని సొంత ఖాతాల బదిలీలన్నీ తీసేయండి. క్యాష్ డిపాజిట్, ఏటీఎం విత్‌డ్రాయల్‌కూ ఇదే వర్తిస్తుంది: షాపు క్యాష్ బుక్ నుంచి ఒక బ్యాచ్, బ్యాంక్ నుంచి ఇంకో బ్యాచ్ ఎక్కిస్తే కాంట్రాలు ఒక్క దాంట్లోనే ఉండాలి.

క్యాష్ బ్యాలెన్స్ మైనస్‌లోకి వెళ్లింది.

చేతిలో లేని నగదు ఖర్చు పెట్టడం కుదరదు కాబట్టి ఇది తప్పే, వదిలేయకండి. రోజువారీ నిల్వ తెరిచి మొదటిసారి ఏ రోజు మైనస్ అయిందో చూడండి. చాలాసార్లు ఆ రోజు నగదు అమ్మకాల బ్యాచ్ ఇంకా ఎక్కించి ఉండరు, లేదా బ్యాంకు నుంచి తీసిన నగదు కాంట్రా పడి ఉండదు. ఖర్చుల తేదీలు మార్చి సర్దేయడం మాత్రం చేయవద్దు.

పార్టీ లెడ్జర్ బ్యాలెన్స్ సరిగ్గా ఉంది, బకాయిల లిస్టులో మాత్రం కట్టేసిన బిల్లులన్నీ బాకీ చూపిస్తోంది.

వసూళ్లు ఏ బిల్లుకు వచ్చాయో షీట్‌లో చెప్పలేదు కాబట్టి అవి 'ఆన్ అకౌంట్'గా, అంటే ఏ బిల్లుకూ ముడిపడకుండా, పడ్డాయి. పార్టీ మొత్తం నిల్వ కలుస్తుంది, బిల్లు వారీగా విప్పితే కలవదు. రిసీట్ల షీట్‌లో బిల్లు నంబర్ కాలమ్ పెట్టి 'అగైన్‌స్ట్ రిఫరెన్స్' ఇవ్వండి. ఇప్పటికే ఎక్కించి ఉంటే పార్టీ వారీగా సర్దుకోవాలి. పెద్ద పార్టీలతో మొదలుపెట్టండి.

యూపీఐ నేరేషన్ చూసి ఎవరిదో తెలియనివి ఎక్కడ వేయాలి?

సస్పెన్స్‌లో (ఎవరిదో తేలేదాకా ఉంచే ఖాతా) వేయండి, ఊహించి ఎవరో ఒకరి ఖాతాలో వేయకండి. ఆ సస్పెన్స్ జాబితా తేదీ, మొత్తం, నేరేషన్‌తో వారంలోపు షాపు యజమానికి వాట్సాప్ చేయండి. వారం కిందటివి ఆయనకు గుర్తుంటాయి. మార్చి నెలాఖరున అడిగితే జులై నాటి 1,850 ఎవరిచ్చారో ఎవరికి గుర్తుంటుంది?

## జీఎస్టీ బిల్లుల బ్యాచ్‌లో

బిల్లు నంబర్లన్నీ మారిపోయాయి. షీట్‌లో 501 ఉంటే ట్యాలీలో 1 అని వచ్చింది.

సేల్స్ వోచర్ టైప్‌లో నంబరింగ్ ఆటోమేటిక్‌గా ఉంటే మీ నంబర్లను పక్కన పెట్టి తన వరుస తాను ఇచ్చుకుంటుంది. ఎక్కించే ముందు దాన్ని మాన్యువల్‌గా మార్చి, 'ప్రివెంట్ డూప్లికేట్స్' ఆన్ చేయండి. రెండోసారి పొరపాటున కొట్టినా అదే నంబర్ బిల్లును తీసుకోదు. తప్పు నంబర్లతో జీఎస్టీఆర్-1 వెళ్తే కొనుగోలుదారు తన దగ్గరున్న బిల్లుతో పోల్చుకోలేడు, ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను తగ్గించుకోవడం) దగ్గర గొడవ మీదాకా వస్తుంది. బిల్లు నంబర్ 16 అక్షరాలు దాటకూడదు, అక్షరాలు, అంకెలు, అడ్డగీత, ఏటవాలు గీత తప్ప వేరే గుర్తులు ఉండకూడదు.

ఒక బిల్లులో మూడు సరుకులుంటే మూడు వోచర్లు అయ్యాయి.

రెండో, మూడో వరుసల్లో బిల్లు నంబర్, తేదీ ఖాళీగా వదిలేసి ఉంటారు, లేదా మీ టెంప్లేట్ ఒక వరుసకు ఒక వోచర్ చొప్పున తయారుచేసేది. మూడు వరుసల్లోనూ అదే తేదీ, అదే నంబర్, అదే పార్టీ ఉండేలా చూసి, ముందు ఒక బిల్లుతో పరీక్షించండి.

హైదరాబాద్ పార్టీ బిల్లుకు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడ్డాయి.

విజయవాడ నుంచి హైదరాబాద్‌కు సరుకు పంపితే అది రాష్ట్రం దాటిన అమ్మకం, ఐజీఎస్టీ పడాలి. పాత పార్టీ మాస్టర్లలో (ట్యాలీలో దాచిన పార్టీ వివరాలు) రాష్ట్రం ఇంకా ఆంధ్రప్రదేశ్ అనే ఉండిపోవడం మన రెండు రాష్ట్రాల్లో తరచూ చూస్తాను. జీఎస్టీ నంబర్ మొదటి రెండు అంకెలు చూడండి: 37 ఆంధ్రప్రదేశ్, 36 తెలంగాణ. 28 కనిపిస్తే అది ఉమ్మడి రాష్ట్రంలో వ్యాట్ నాటి కోడ్, ఆ మాస్టర్ ఎప్పటి నుంచో ఎవరూ ముట్టుకోలేదన్నమాట. షీట్‌లో మొదటి రెండు అంకెలను విడదీసి, మాస్టర్‌లోని రాష్ట్రంతో పోల్చి, తేడా ఉన్నవి ముందే సరిచేయండి.

జీఎస్టీ నంబర్ తప్పు అంటోంది, పార్టీ మాత్రం అదే కరెక్ట్ అంటున్నాడు.

15 అక్షరాలు ఉన్నాయా లెక్కపెట్టండి. మొదటి రెండు రాష్ట్రం, తర్వాతి పది పాన్. మామూలు నంబర్లలో 14వది జడ్ అక్షరం, దాన్ని 2గా చదివి కొట్టడం పరిపాటి. సున్నాకు బదులు ఓ, ఒకటికి బదులు ఐ కూడా అంతే. ఫోన్‌లో చెప్పించుకోకండి, సర్టిఫికెట్ ఫొటో అడిగి, జీఎస్టీ పోర్టల్‌లో వెతికి పేరు కూడా కలిసిందో లేదో చూడండి.

2025 సెప్టెంబర్ బిల్లులు ఎక్కిస్తే పన్ను తేడా వస్తోంది.

ఆ నెల 22న రేట్లు మారాయి. 12, 28 శాతాల్లో ఉన్న సరుకుల్లో చాలావరకు 5కో 18కో వచ్చాయి. స్టాక్ ఐటమ్‌లో ఒకే రేటు ఉంటే నెలలో ఒక భాగం తప్పుతుంది. ఐటమ్‌లో 22 నుంచి కొత్త రేటు వర్తించేలా ఇవ్వండి, బ్యాచ్‌ను 21 వరకు ఒకటి, 22 నుంచి ఒకటిగా విడదీయండి. బిల్లు మీద కస్టమర్ దగ్గర వసూలు చేసిన పన్ను, ట్యాలీలో పడిన పన్ను ఒకటే అయి ఉండాలి.

## వెనక్కి తీసుకోవాలంటే

తప్పు బ్యాచ్ మొత్తం ఒకేసారి తీసేయడం ఎలా?

ఎక్కించే ముందే ప్రతి వరుస నేరేషన్ చివర 'బ్యాచ్ 07' లాంటి గుర్తు పెట్టి ఉంటే ఇది పది నిమిషాల పని. డే బుక్‌లో ఆ గుర్తుతో ఫిల్టర్ చేసి, స్పేస్‌బార్‌తో ఎంచుకుని, ఆల్ట్+డీతో తీసేయొచ్చు. గుర్తు లేకపోతే చేత్తో కొట్టినవీ, బ్యాచ్‌లో వచ్చినవీ కలిసిపోయి ఉంటాయి, ఒక్కొక్కటీ చూసి తీయాలి. తీసే ముందు మరో బ్యాకప్ తీయండి.

పాత బ్యాకప్ రీస్టోర్ చేస్తే అయిపోతుంది కదా?

బ్యాకప్ తీశాక ఆ కంపెనీలో ఎవరూ ఏమీ కొట్టకపోతే అవును. పక్క టేబుల్ దగ్గర అక్క ఆ గంటలో ఇరవై కొనుగోలు బిల్లులు కొట్టి ఉంటే అవి కూడా పోతాయి. ముందు ఆఫీసులో అందరినీ అడగండి. రీస్టోర్ ఎప్పుడూ వేరే ఫోల్డర్‌లో చేసి, చూసి, అప్పుడు మార్చుకోండి. నేరుగా అదే చోట చేస్తే ఇప్పుడున్న డేటా మీద పాతది కూర్చుంటుంది.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పుస్తకాల్లో 400 వోచర్లు డిలీట్ చేయాల్సి వచ్చింది. ఇబ్బందా?

2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదయ్యే ఆడిట్ ట్రయల్ ఉండాలి, దాన్ని ఆపకూడదు. మీరు తీసేసిన 400 కూడా ఎడిట్ లాగ్‌లో ఉంటాయి, ఆడిటర్ అడుగుతారు. తప్పు దిద్దుకోవడం నేరం కాదు, చెప్పలేకపోవడమే ఇబ్బంది. ఏ తేదీన ఏ ఫైల్ ఎక్కింది, ఎందుకు తీశారు, బదులు ఏ ఫైల్ ఎక్కించారు అని ఒక పేజీ రాసి, ఆ రెండు ఫైళ్లూ దానితో కలిపి దాచండి. ఇలాంటి క్లయింట్లకు మాత్రం కాపీ కంపెనీలో పూర్తి బ్యాచ్ నడిపి చూడకుండా అసలు దాంట్లో ఎప్పుడూ ఎక్కించకండి.

బ్యాచ్ డబుల్ పడిందని మా సార్‌కు చెప్పాలంటే భయంగా ఉంది. నేనే సర్దేయనా?

ముందు చెప్పు తమ్ముడూ, తర్వాత సర్దు. మా దగ్గర ఒక అబ్బాయి ఇలాగే భయపడి, డబుల్ అయినవాటిని రాత్రి కూర్చుని తొలగిస్తూ అసలువి కూడా కొన్ని తీసేశాడు. మర్నాడు మాకు డబుల్ ఎన్ని, పోయినవి ఎన్ని తెలియలేదు, నెల మొత్తం స్టేట్‌మెంట్ పెట్టుకుని మళ్లీ కూర్చున్నాం. కొట్టిన పావుగంటలో చెప్పి ఉంటే బ్యాకప్‌తో ఐదు నిమిషాల్లో తేలిపోయేది. ఇప్పుడే కంపెనీ మూసేసి, ఇంకెవరినీ అందులో ఎంట్రీలు కొట్టవద్దని చెప్పి, ఎక్కించిన ఫైల్ పేరు, ఎన్నిసార్లు కొట్టావు, ఏ టైమ్‌కు కొట్టావు ఒక కాగితం మీద రాసుకుని ఆయన దగ్గరికి వెళ్లు.